జల్లెడలో మిగిలింది

జుల్మీరా మోచేతుల దాకా మట్టిలోనే ఉంది.

చర్చి నుంచి వచ్చినావిడ తలమీది ముసుగైనా తీయలేదు. తిన్నగా పెరట్లోని రేకుల షెడ్డులోకి వెళ్ళి, నీలం డ్రమ్ము మూత తీసి, పక్కన పీట వేసుకుని కూర్చుంది. అప్పటినుంచీ అదే పని. గుప్పెడు మట్టి తీస్తుంది, వేళ్ళ మధ్య నలుపుతుంది, ఏమీ తగలకపోతే బకెట్లో వేస్తుంది. ఒంటిగంట దాటింది. డ్రమ్ము సగమైనా తరగలేదు.

ఇవొనేచి గుమ్మంలో నిలబడి రెండోసారి తెచ్చిన కాఫీ చేతిలో చల్లారిపోతుంటే చూస్తోంది. మొదటి కప్పు కిటికీ మీద అలాగే ఉంది. అందులో చీమ ఒకటి తేలుతోంది.

"అత్తయ్యా, కాస్త కాఫీ అయినా తాగండి."

జుల్మీరా తల ఎత్తలేదు.

గోడకి వరసగా పదకొండు కాన్వాసులు ఆనించి ఉన్నాయి. వాటిమీద పాత దుప్పట్లు కప్పి, తాళ్ళు కట్టి, పొద్దున్నే సిద్ధం చేసి పెట్టింది ఇవొనేచి. మూడు గంటలకి బెలో హొరిజోంచి నగరం నుంచి వ్యాను వస్తుంది. శనివారం అక్కడ ప్రదర్శన. ఆ గోడల మీద తన పేరుండడం ఇదే మొదటిసారి.

"ఎక్కడ తీశావు దీన్ని?" జుల్మీరా గొంతు మామూలుగానే ఉంది. అదే ఇవొనేచిని ఎక్కువ భయపెట్టింది.

"చెప్పాను కదా అత్తయ్యా."

"నాకు చెప్పింది ఏటి ఒడ్డు మట్టని. చర్చి మెట్ల మీద పోస్టాఫీసావిడ పదిమందిలో చెప్పింది వేరు. 'మీ కోడలు మన వాళ్ళ మట్టితో బొమ్మలేస్తోందట కదా' అంది. నేను నవ్వాను. అలాంటిదేం కాదని నవ్వాను."

ఇవొనేచి కప్పు కింద పెట్టింది. అబద్ధం చెప్పి ఏడాదిన్నర అయింది. చెప్పినప్పుడు చిన్నదిగానే కనిపించింది.

"ఫుట్‌బాల్ మైదానం వెనక కుప్పలు పోశారే, అక్కడిది. అగ్నిమాపకం వాళ్ళు వెతికేసిన మట్టి. అందులో ఏమీ లేదని తేల్చాకే అక్కడ పోస్తారు."

"గని భోజనాల హాలు దగ్గరిదా?"

ఇవొనేచి కింద పెట్టిన కప్పు వైపు చూసింది.

"నిన్నే అడుగుతున్నా. భోజనాల హాలు మీద పడిన మట్టేనా?"

"అవును."

జుల్మీరా చెయ్యి డ్రమ్ములో ఆగింది. గని పైన ఇనుప బురద నిలవచేసే ఆనకట్ట తెగింది మధ్యాహ్నం పన్నెండున్నరకి. సైరన్ మోగలేదు. ఇవొనేచి భర్త జురాందీర్ లారీ ఆపి అన్నానికి కూర్చునే వేళ అది. రెండేళ్ళ మూడు నెలలయింది. బురద కింద పడ్డవాళ్ళు ఒక్కొక్కరే దొరికారు. కొందరు పూర్తిగా, కొందరు కాస్త కాస్తగా. ఇంకా దొరకనిది ముగ్గురే. ఆ ముగ్గురిలో జుల్మీరా పెద్దకొడుకు ఒకడు.

"నా చేత్తోనే కలిపించావు కదే," అంది జుల్మీరా. "నాగజెముడు జిగురు ఎలా తీయాలని అడిగితే, మా అమ్మ గోడలకి ఎలా పూసేదో అంతా చెప్పాను. రాత్రంతా నానబెట్టి, గుడ్డలో పిండి, నీ డ్రమ్ములో నేనే పోశాను. కర్ర పట్టి నేనే తిప్పాను. నా పిల్లాణ్ణి నా చేత్తోనే తిప్పించావు."

దానికి ఇవొనేచి దగ్గర ఉన్నదల్లా పని వివరాలు. ఆ మట్టి ఇనుపరజను. బరువుగా ఉంటుంది, నీళ్ళలో తిప్పి వదిలేస్తే నల్లటిది అడుక్కి దిగి, ఎర్రటి మెత్తనిది పైన తేలుతుంది. తెల్లజిగురు కలిపి పూస్తే నాలుగో రోజుకి పెచ్చులు లేచి రాలింది. కర్రపెండలం గంజి కలిపితే బూజు పట్టింది. గుడ్డు సొన కలిపితే మూడు వారాలు బాగానే ఉండి, వానలు మొదలవగానే జారిపోయింది. అరవై మూడు గుడ్డముక్కల మీద అరవై మూడు రకాలుగా పూసి చూసింది. విరిగిన పాలు, సున్నం, అత్తగారు చెప్పిన జెముడు జిగురు, ఈ మూడూ కలిశాకనే మట్టి గుడ్డని పట్టుకుంది. పట్టుకున్న రోజున ఇద్దరూ ఈ షెడ్డులోనే నిలబడి నవ్వుకున్నారు.

"వెతికేసిన మట్టి అనే తెచ్చాను అత్తయ్యా. అయినా మీకు చెప్పే ధైర్యం రాలేదు. చెబితే వద్దంటారని తెలుసు."

"తెలిసీ తెచ్చావు."

"తెలిసే తెచ్చాను."

వీధి తలుపు చప్పుడైంది. జుల్మీరా రెండో కొడుకు జెనివాల్దో పెరటి దారిన వచ్చాడు. ఒంటిమీద గని కంపెనీ ఆకుపచ్చ చొక్కా. కొట్టుకుపోయిన మేర అంతా గడ్డి నాటి, మొక్కలు పెట్టే పని అతనిది. తల్లి చేతులు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంటమ్మా ఇది? లే. చేతులు కడుక్కో."

"నువ్వు పోరా."

అతను వదిన వైపు తిరిగాడు. "ఫాదర్‌తో మాట్లాడాను. నాలుగింటికి వస్తానన్నారు. చర్చి వెనక గొయ్యి తీయిస్తా. ఈ డ్రమ్మూ ఆ అట్టలూ అన్నీ కలిపి అందులో పెట్టి ప్రార్థన చేసేద్దాం. గొడవ ఉండదు."

"అట్టలు కావు. కాన్వాసులు."

"ఏదైతే అదే వదినా. అందులో ఏముందని? ఒక మనిషి ఉన్నాడా, ఒక ఇల్లుందా? గోడకి చెమ్మ పట్టినట్టు ఉంటాయి. నువ్వు అన్నయ్య బొమ్మ వేసుంటే మేమే ఊరంతా మోసుకు తిరిగేవాళ్ళం."

"వేశాను," అంది ఇవొనేచి. "మూడుసార్లు వేశాను. ఫోటో చూసి వేశాను. ప్రతిసారీ మీ అన్న నవ్వుతూనే వచ్చాడు. ఆ రోజు ఆయన నవ్వుతూ పోలేదు జెనివాల్దో. ఆ తర్వాత బొమ్మ మానేశాను. ఈ మట్టికే తెలుసు ఏం జరిగిందో. దాన్నే మాట్లాడనిద్దామనుకున్నాను."

"అది మాట్లాడుతుందా? మాట్లాడేది ఊళ్ళో జనం. మా ఆఫీసులో పొద్దున్నే పిలిచి అడిగారు, ఆ యార్డులోకి మీ వదిన ఎలా వెళ్ళిందని. కంచె లోపలికి పోవడం నేరం. నీతోపాటు నా పనీ పోతుంది."

"అదీ సంగతి. నువ్వు దానిమీద గడ్డి నాటొచ్చు, మొక్కలు పెట్టొచ్చు, అక్కడేమీ జరగనట్టు పచ్చగా చేసేయొచ్చు. నేను నాలుగు దోసిళ్ళు తెచ్చి గుడ్డమీద పూస్తే తప్పా?"

"నేను పొట్టకోసం చేస్తున్నా. నువ్వు పేరుకోసం చేస్తున్నావు."

ఇవొనేచి ముఖం తిప్పుకుంది. నిజం కాదని అనాలనుకుంది. కానీ శనివారం గురించి తలుచుకున్నప్పుడల్లా కలిగే సంతోషం గుర్తొచ్చి అనలేదు.

ఈ గొడవ ఏదీ పట్టనట్టు జుల్మీరా మట్టి నలుపుతూనే ఉంది. ఉన్నట్టుండి ఆగింది. అరచేతిలో మట్టిని పరిచి చూసింది.

"ఇందులో ఒక్క రాయి లేదేం?"

ఇవొనేచి చూపు అలమర వైపు వెళ్ళింది.

"పొద్దుటినుంచీ చూస్తున్నా. పిండిలా ఉంది. ఒక గులకరాయి లేదు, ఒక పుల్ల లేదు." జుల్మీరా మొదటిసారి కోడలి ముఖంలోకి చూసింది. "జల్లించావా?"

"జల్లించాను. ముందు దోమతెరతో, తర్వాత నైలాను మేజోడుతో. గరుకుంటే గుడ్డమీద నిలవదు."

"అగ్నిమాపకం వాళ్ళ జల్లెడ కన్నాలు ఎంతుంటాయి?"

"బొటనవేలంత."

"మరి నీ జల్లెడలో మిగిలింది ఏం చేశావు?"

పెరట్లో కోడి ఒకటి రేకుల మీదికి ఎగిరి, మళ్ళీ దిగింది.

ఇవొనేచి మెల్లిగా అలమర దగ్గరికి వెళ్ళింది. రంగుల కుంచెలు, పాల సీసాలు పక్కకి జరిపి, వెనకనుంచి మూడు బిస్కెట్ డబ్బాలు తీసింది. "పారేయలేకపోయాను. ఒక్కసారైనా మూత తీసి చూడనూ లేదు. ఎందుకని అడక్కండి అత్తయ్యా."

జుల్మీరా అడగలేదు. చేతులు లంగాకి తుడుచుకుని లేచింది. కాన్వాసు మీద కప్పిన దుప్పటి ఒకటి లాగి నేలమీద పరిచింది. డబ్బాలు ఒకదాని తర్వాత ఒకటి దానిమీద బోర్లించింది.

అత్తాకోడళ్ళు ఎదురెదురుగా మోకాళ్ళమీద కూర్చున్నారు. గులకరాళ్ళు ఒక వైపు, వేర్లు ఒక వైపు. గాజుపెంకు. రాగితీగ ముక్క. ప్లాస్టిక్ చెంచా విరిగిన కొస. ఇద్దరి వేళ్ళూ బియ్యం ఏరుతున్నంత వేగంగా, అంత మౌనంగా కదులుతున్నాయి. జెనివాల్దో నిలబడే ఉన్నాడు. వెళ్ళిపోనూ లేదు, కూర్చోనూ లేదు.

రెండో డబ్బాలోది సగం అయ్యేసరికి ఇవొనేచి వేలికి అది తగిలింది.

ముందు మొక్కజొన్న గింజ అనుకుంది. ఉమ్మితో తడిచేసి చొక్కా అంచున తుడిచింది. పన్ను. ముందు పన్ను. దాని మధ్యలో ఆవగింజకన్నా చిన్న నీలంరాయి మెరిసింది.

జుల్మీరా దాన్ని తన అరచేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది. ఇవొనేచి ఆవిడ ముఖం చూస్తోంది. ఆ ముఖంలో ముందు ఆశ వచ్చింది, తర్వాత అది పోయింది, ఆ పోయిన చోట ఇంకేదో వచ్చింది.

"ఇది మా వాడిది కాదు," అంది జుల్మీరా.

"కాదు."

"ఎదురింటి మర్లూసి కూతురిది."

ముగ్గురికీ తెలుసు. ఆ పిల్ల రాయాని ఆ రాయి పెట్టించుకున్నప్పుడు వీధంతా నవ్వింది. భోజనాల హాలు వంటింట్లో పని దొరికిందని మొదటి నెల జీతంతో పంటిమీద పెట్టించుకుంది. పందొమ్మిదేళ్ళు. అందరికీ కనపడాలని ఊరికే నవ్వుతూ తిరిగేది. దొరకని ముగ్గురిలో ఆమె రెండోది.

"దీన్ని ఇక్కడే వదిలేద్దాం." అన్నాడు జెనివాల్దో. "వినండి. ఎవరూ చూళ్ళేదు. ఏట్లో వేసేద్దాం. లేదా గొయ్యిలో వాటితోపాటే పెడదాం, ప్రార్థన కూడా అవుతుంది. ఇది బయటికొస్తే వదినని తీసుకుపోతారు. ఆ కాన్వాసులు కూడా మిగలవు, తెలుసా నీకు? నీకోసమే చెబుతున్నా."

ఇవొనేచి గోడవైపు చూసింది. దుప్పటి తీసేసిన కాన్వాసు మీద ఎర్రమట్టి ఒక మూలనుంచి ఇంకో మూలకి జారి, సగంలో ఆగి, ఎండి, సన్నటి గీతలుగా విచ్చుకుంది. ఆ పగుళ్ళు రావడానికి ఆరు నెలలు పట్టింది. ఎంత నీరు ఎంత ఎండలో ఆరితే ఎంత లోతుగా పగులుతుందో నేర్చుకోవడానికి ఇంకో ఆరు నెలలు. తన జీవితంలో తను బాగా చేశానని నమ్మిన పని అదొక్కటే. ఇప్పుడు ఆ పగుళ్ళ లోపల ఏముందో తనకి తెలియదు.

"నువ్వు చెప్పిందే నిజం జెనివాల్దో," అంది. "కొంత పేరుకోసమే చేశాను."

ఫ్రిజ్ తలుపుకి అంటించిన కాగితం మీద అగ్నిమాపకం వాళ్ళ నంబరుంది. దొరకని వాళ్ళున్న ప్రతి ఇంట్లోనూ ఉంటుందది. ఇవొనేచి వంటింట్లోకి వెళ్ళి ఫోన్ చేసింది. అవతల సార్జెంటు గొంతు. ఆమె అంతా చెప్పింది. కంచె ఎక్కడ దాటిందో, ఎన్ని బకెట్లు తెచ్చిందో, ఎలా జల్లించిందో. ఆయన మధ్యలో ఆపలేదు. చివర్లో ఒకటే అడిగాడు.

"ఆ మట్టితో చేసినవి ఎన్ని ఉన్నాయమ్మా?"

"పన్నెండు."

"ఏదీ కదపకండి. అన్నీ గోకి పొడి తీయాలి, పరీక్షకి పంపాలి. మేం బయల్దేరుతున్నాం. ఆ అమ్మాయి ఇంటివాళ్ళకి మేమే చెబుతాం."

"వద్దు. మేం చెబుతాం. మాది ఒకే వీధి."

ఫోన్ పెట్టేసరికి వెనకాల జుల్మీరా చేతులు కడుక్కుంటోంది. "పన్నెండన్నావేం? షెడ్డులో ఉన్నవి పదకొండే కదా," అంది.

"మొదటిది మర్లూసికి ఇచ్చాను అత్తయ్యా."

కుళాయి నీళ్ళు చాలాసేపు అలా పోతూనే ఉన్నాయి.

వీధి చివర వ్యాను హారన్ వినిపించింది. మూడు కాకముందే వచ్చేసింది. ఇవొనేచి బయటికి వెళ్ళి డ్రైవరుతో రెండు మాటలు మాట్లాడింది. అతను అర్థంకానట్టు చూసి, ఫోన్ తీసి, బెలో హొరిజోంచికి ఎవరికో చేశాడు. ఆమె ఆ సంభాషణ వినడానికి ఆగలేదు. పన్ను ఉన్న చేతిరుమాలు ఎడం పిడికిట్లో పట్టుకుని, కుడిచేత్తో అత్తగారి మోచెయ్యి పట్టుకుని వీధి దాటింది.

మర్లూసి ఇంటి తలుపు తీసే ఉంది. లోపల కట్టెల పొయ్యి మీద బీన్స్ ఉడుకుతున్నాయి. మర్లూసి బల్ల దగ్గర కూర్చుని కొలార్డ్ ఆకుకూర సన్నగా తరుగుతోంది.

"రండి పెద్దమ్మా. ఏం ఇవొనేచీ, వ్యాను వచ్చినట్టుంది? పెద్దదానివైపోతున్నావు ఇక. మమ్మల్ని గుర్తుపెట్టుకో." నవ్వబోయింది. జుల్మీరా ముఖం చూసి కత్తి కింద పెట్టింది.

ఆమె ఎదురుగా గోడకి మూరెడు చదరపు కాన్వాసు వేలాడుతోంది. మట్టి గుడ్డని పట్టుకున్న మొట్టమొదటిది. కింద చిన్న బల్లమీద కొవ్వొత్తి. అప్పుడు మర్లూసి తనే అడిగింది. ఊళ్ళో ఎక్కడ చూసినా శిలువలూ దేవదూతలూ ఫోటోలూనే, ఇదొక్కటే ఏ పోలికా లేకుండా ఉంది, దీన్నైతే చూడగలను అంది.

ఇవొనేచి బల్లమీద చేతిరుమాలు విప్పింది.

మర్లూసి వంగి చూసింది. ముట్టుకోలేదు. పొయ్యి మీద కుండ మూత టకటకా కొట్టుకుంటోంది. ఎవరూ లేచి దాన్ని జరపలేదు.

"ఈ రాయి పెట్టించుకొచ్చిన రోజున నేను దాన్ని తిట్టాను," అంది చివరికి. "వారం రోజులు మాట్లాడలేదు. అన్నం పెట్టేదాన్ని గానీ మాట్లాడేదాన్ని కాదు. అది మాత్రం నా ముందుకొచ్చి కావాలని పళ్ళు బయటపెట్టి నవ్వేది." ఆగింది. "ఎక్కడ దొరికింది?"

ఇవొనేచి చెప్పింది. ఏమీ దాచలేదు. జుల్మీరాకి చెప్పిన అబద్ధం కూడా చెప్పింది.

మర్లూసి తలతిప్పి గోడవైపు చూసింది. "అది కూడా ఆ డ్రమ్ములోదేనా?"

"అదే."

"ఏడాదిగా నేను రోజూ దీని ఎదురుగానే కూర్చుని అన్నం తింటున్నాను."

"నన్ను తిట్టు మర్లూసీ. కొట్టు."

"ఎందుకు?" మర్లూసి లేచింది. గోడమీద నుంచి కాన్వాసు దించి, దాని పగుళ్ళమీద అరచెయ్యి మెల్లిగా ఆనించింది. జ్వరం ఉందేమోనని పిల్ల నుదురు చూసినట్టు. అలాగే ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. "వాళ్ళొచ్చి దీన్నేం చేస్తారు?"

ఇవొనేచి జుల్మీరా వైపు చూసింది. ఆవిడ నేలవైపు చూస్తోంది.

"గోకుతారు," అంది ఇవొనేచి. "పొడి చేసి పరీక్షకి పంపుతారు. ఇంకేమైనా ఉందేమో చూస్తారు. పెట్టెలో పెట్టి నీకు ఇస్తారు, దొరికినంత."

"గోకుతారా?"

"అవును."

"పెట్టె నాకెందుకు? నా కూతురు నాకు ఇక్కడ దొరికింది."

"మర్లూసీ, దాంట్లో మావాడు కూడా ఉండొచ్చే," అంది జుల్మీరా. అత్తగారు ఎవరినైనా బతిమాలడం ఇవొనేచి వినడం అదే మొదటిసారి. "నాకింకా ఏమీ దొరకలేదు."

మర్లూసి కాన్వాసు మీది చెయ్యి తీయలేదు.

వీధిలో జీపు ఆగింది. ఎదురింటి ముందు, ఇవొనేచి ఇంటి ముందు. జెనివాల్దో గొంతు ఏదో చెబుతోంది. బరువైన బూట్ల చప్పుడు వీధి దాటి ఇటువైపు మళ్ళింది.

"ఇవొనేచీ, ఆ తలుపు గడియ పెట్టు," అంది మర్లూసి.

జుల్మీరా తల అడ్డంగా ఊపింది. కళ్ళతోనే వద్దంది.

ఇవొనేచి లేచి తలుపు దగ్గరికి నడిచింది. ఒళ్ళో కాన్వాసు పెట్టుకున్న మనిషిని ఒకసారి, ఏమీ లేని ఒడిలో రెండు చేతులూ పెట్టుకున్న మనిషిని ఒకసారి చూసింది.

గడియ పెట్టింది.

బూట్ల చప్పుడు గుమ్మం దగ్గర ఆగింది. తర్వాత తలుపుమీద రెండుసార్లు మెల్లిగా తట్టారు.

"ఇవొనేచి గారూ," అంది బయటినుంచి సార్జెంటు గొంతు, "మీరే కదమ్మా ఫోన్ చేసింది?"